పెదవికీ గొంతుకీ నడుమ

ఒంగోలు ముఖ్యపట్టణంగా ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరిలో ఏర్పడింది. అంతకు ముందరి గుంటూరు జిల్లా పటం ముందేసుకుంటే తెలుగు సినిమా పాటకు ఎంత చుట్టరికం ఇక్కడ ఉందో తెలుస్తుంది. కృష్ణ ఒడ్డున చిర్రావూరు సావిత్రిది. తెనాలి దగ్గర ఆరెమండ కాంచనమాలది. హంపీలో పుట్టిన జమున పెరిగింది పసుపు బేరానికి పేరుబడ్డ దుగ్గిరాలలో. రేపల్లె వైపు పల్లపట్ల ఎస్. జానకిది. జి. వరలక్ష్మి ఒంగోలులో పుట్టారు. భానుమతి పుట్టిన దొడ్డవరం ఇప్పటి మద్దిపాడు మండలంలో ఉంది. చిలకలూరిపేటలో బయల్దేరి మార్టూరు మీదుగా మద్రాసు రోడ్డు పట్టుకుని పోతే, మేదరమెట్ల దాటాక వచ్చే ప్రాంతమే అది.

మార్టూరు అప్పట్లో గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. ఊరు కదల్లేదు, జిల్లాలే మారాయి. రోడ్డు వారన గ్రానైటు పాలిషింగ్ యూనిట్లు, లోపలికి పోతే పత్తి, మిర్చి, పొగాకు, శనగ. దీన్ని సినిమావాళ్ళ ఊరని ఎవరూ అనరు. రైలు స్టేషను కూడా లేదు. మద్రాసు వెళ్ళదలచినవాళ్ళు వేరే ఊరికి పోయి బండెక్కాలి. కానీ ఎక్కి వెళ్ళినవాళ్ళు పాడినదంతా తిరిగొచ్చి ఈ నల్లరేగడి మీదే మోగింది. పెళ్ళిపందిట్లో, తిరునాళ్ళలో, మిరప కల్లాల్లో మోగింది. ఆ పాటల గురించి మనవాళ్ళకు ఒక పాత తగువుంది. పాట పాడినవారిదా, తెరమీద ఆడినవారిదా? సుశీల పాట అంటారొకరు, సావిత్రి పాట అంటారింకొకరు. ఇద్దరూ వాదించేది ఒకే పాట గురించి.

నా మటుకు నాకు ఈ తగువు అనవసరం. పెదవి కదిపేవాళ్ళు పాడేవాళ్ళకు నీడలు కారు. వాళ్ళు చేసేదీ సంగీతమే. దానికీ శ్రుతి, లయ, ఊపిరి లెక్క, సాధన అన్నీ ఉన్నాయి. అది ఎలా పుట్టిందో, ఎలా పనిచేసేదో చూస్తే ఆ సంగతి తేలుతుంది.

కథ సినిమాతో మొదలు కాలేదు. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాల్లో సత్యభామ, చింతామణి, రోషనార, మధురవాణి వేషాలు కట్టి జనాన్ని ఊపేశారు. మగవాడు ఆడవేషం వేయడం అప్పట్లో కొత్త కాదు. ఆయన చేసిన పని వేరు. ముత్తరాజు సుబ్బారావు రాసిన శ్రీకృష్ణ తులాభారం నాటకంలో సత్యభామకు ఒక పాట తనే రాసుకున్నారు. మొగుడు తన మాట జవదాటలేడని ఆ మహాతల్లి గర్వంగా చెప్పుకునే పాట. పల్లవిలో మాటను తిప్పి తిప్పి పాడుతూ, తిప్పినప్పుడల్లా ఒక కొత్త భావం ముఖంలో పలికించేవారు. ఒకసారి ధీమా, ఒకసారి ఎగతాళి, ఒకసారి లోపలెక్కడో చిన్న భయం. అంటే సంగతి గొంతులో మారుతున్నకొద్దీ కనుబొమలోనూ మారాలన్న పాఠం ఈ నేల మీద సినిమా రాకముందే ఉంది. సరిగ్గా ఆ పాటే 1966లో వచ్చిన శ్రీకృష్ణ తులాభారం సినిమాలో జమున మీద చిత్రించారు. బాపట్ల మగవాడి సత్యభామ దుగ్గిరాల ఆడపిల్ల దాకా రావడానికి మధ్యలో ఒక యంత్రం రావలసి వచ్చింది. అదే మైకు.

మైకు లేని నాటకంలో గొంతు చిట్టచివర కూర్చున్నవాడికి కూడా వినబడాలి. అందుకే శ్రుతి ఎక్కువ. హార్మోనియం ముందు పరుగెడుతుంటే పద్యం చివర రాగం ఎత్తి, సాగదీసి, జనం వన్స్‌మోర్ అంటే మళ్ళీ మొదటికొచ్చేవారు. చచ్చిపడిన పాత్రధారి కూడా లేచి పద్యం అందుకునేవాడని హాస్యాలాడేవాళ్ళు. కథ ఆగిపోయినా ఎవరికీ పట్టేది కాదు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో నటించిన సురభి కమలాబాయి, ఆ తర్వాత వచ్చిన కన్నాంబ, ఋష్యేంద్రమణి ఆ రంగస్థలం గొంతుతోనే స్టూడియోలోకి అడుగుపెట్టారు.

అక్కడ పద్ధతి విచిత్రంగా ఉండేది. మాటా, పాటా, బొమ్మా ఒకేసారి పట్టాలి. కెమెరా చప్పుడు మైకులోకి పోకూడదు. వాయిద్యగాళ్ళు తెరమీద కనబడకూడదు, అలాగని దూరంగానూ ఉండకూడదు. తోట సీనైతే చెట్టు చాటున తబలా, పొద వెనక హార్మోనియం. నటి ఎటూ కదలడానికి లేదు, కదిలితే గొంతు మైకుకు దూరమైపోతుంది. ఎక్కడో ఒకచోట అపశ్రుతి దొర్లితే పాట మొత్తం మళ్ళీ మొదటినుంచి పాడాలి. ఆ రోజుల సినిమాలు ఇప్పుడు చూసినవాళ్ళు "ఇదేమిటి, కొయ్యబొమ్మలా నిలబడి పాడుతోంది" అనుకుంటారు. పాపం, ఆమె నిలబడింది నటన రాక కాదు. కాంచనమాల మాలపిల్లలో (1938) పాటలు పాడుకున్నదీ ఇలాంటి రోజుల్లోనే. సొంత గొంతుతో పాడిన కాలమే స్వర్ణయుగమని, ప్లేబ్యాక్ వచ్చి అంతా పాడైందని అనేవాళ్ళతో అందుకే నేను ఏకీభవించను. గొంతు సొంతమే, ఒళ్ళు మాత్రం కట్టేసినట్టుండేది.

1943లో వచ్చిన భాగ్యలక్ష్మి సినిమాలో కమలా కోట్నీస్ అనే నటికి రావు బాలసరస్వతీదేవి పాడారు. తెలుగులో ఒకరి పెదవికి ఇంకొకరి గొంతు కలపడం దానితోనే మొదలైందని చెబుతారు. పాట ముందుగానే రికార్డు చేస్తారు, సెట్లో లౌడ్ స్పీకర్‌లో వేస్తారు, నటి దానికి సరిగ్గా పెదవి కదుపుతూ నటిస్తుంది. చెట్టు చాటు తబలాకు సెలవు. కెమెరా దగ్గరికి రావచ్చు, పైకి లేవొచ్చు, పాటను ముక్కలు ముక్కలుగా పది చోట్ల తీయవచ్చు. నటి నడవవచ్చు, పరుగెత్తవచ్చు, ఉయ్యాల ఊగవచ్చు.

పాడేవాళ్ళకు పేరు మాత్రం వెంటనే రాలేదు. ఇది మన ఒక్కచోటే కాదు. బొంబాయిలో 1949లో మహల్ సినిమా పాట ఊరూవాడా మోగుతుంటే, గ్రామఫోన్ ప్లేటు మీద పాడినవారి పేరు చోట కామిని అని వేశారు. అది సినిమాలో పాత్ర పేరు. పాడింది లతా మంగేష్కర్. గొంతుకు ముఖం ఉండదనీ, ఉంటే అది నటిదేననీ వ్యాపారులు అనుకున్నారు. అదే ఏళ్ళలో ఉత్తరాదిన నూర్జహాన్, సురయ్యా తమ పాట తామే పాడుకుంటూ తారలయ్యారు. దక్షిణాదిలో అలా నిలిచినవాళ్ళలో ముందు చెప్పవలసింది దొడ్డవరం బొమ్మరాజువారి అమ్మాయి పేరు.

భానుమతి 1925 సెప్టెంబరు 7న పుట్టారు. తండ్రి వెంకటసుబ్బయ్యకు శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం. కూతురికి తనే పాఠం చెప్పారు. పాట నేర్చిన ఆడపిల్లను తెరమీదికి పంపడానికి మర్యాదస్తుల ఇళ్ళు జంకే కాలం అది. ఆడవాళ్ళ పాటనూ, ఆటనూ తరాల తరబడి కాపాడిన కళావంతుల ఇళ్ళకు లోకం అంటగట్టిన మచ్చే ఆ జంకుకు మూలం. పాట కావాలి, పాడేవాళ్ళు వద్దు. ఈ రెండు నాలుకల ధోరణిని దాటుకుని పద్నాలుగేళ్ళయినా నిండని భానుమతి 1939లో సి. పుల్లయ్య తీసిన వరవిక్రయంలో కాళింది వేషం వేశారు. కట్నం దురాచారం మీద కాళ్ళకూరి నారాయణరావు రాసిన నాటకం అది. 1943లో పి.ఎస్. రామకృష్ణారావుతో పెళ్ళయింది. ఇక సినిమాలు చాలనుకున్న దశలో బి.ఎన్. రెడ్డి స్వర్గసీమ వచ్చిపడింది.

స్వర్గసీమలో (1945) భానుమతిది వీధిలో పాడుకునే పిల్ల రంగస్థల తారగా ఎదిగి, పెళ్ళయిన మగవాడిని వలలో వేసుకునే పాత్ర. అందులో పావురాన్ని పిలుస్తూ పాడే పాట ఆ రోజుల్లో ఆంధ్రదేశాన్ని ఒక ఊపు ఊపింది. దాని వెనక బాలాంత్రపు రజనీకాంతరావు చెయ్యి ఉంది. 1941 నాటి హాలీవుడ్ సినిమా బ్లడ్ అండ్ శాండ్‌లో రీటా హేవర్త్ మీద తీసిన ఒక స్పానిష్ పాట దానికి ప్రేరణ. ఇందులో ఒక తమాషా ఉంది. రీటా హేవర్త్ ఆ పాట పాడలేదు, పాడింది వేరే గాయని. హాలీవుడ్ తార పెదవులు మాత్రం కదిపిన పాటను ప్రేరణగా తీసుకుని, దొడ్డవరం పిల్ల సొంత గొంతుతో పాడి మురిపించింది. కర్ణాటక సంగీతంలో సాధన చేసిన గొంతు పాశ్చాత్యపు ఒంపుల్లోకి జారి, మధ్యలో కవ్వింపుగా తేలి, మళ్ళీ శ్రుతిలోకి వచ్చి నిలబడుతుంది. ఆ గొంతులో ఒక ధాటి ఉంది. కాస్త ముక్కులో పలికినట్టు, కాస్త గరుకుగా, ఎవరికీ జడవనట్టు ఉంటుంది. తీయదనం తక్కువని పెదవి విరిచేవాళ్ళున్నారు. తీయదనం తక్కువే. రుచికి ఎప్పుడూ బెల్లమే కావాలనుకుంటే గుంటూరు సీమలో భోజనం చేయలేం.

ఆరేళ్ళకు వాహినీవారి మల్లీశ్వరి (1951). సాలూరి రాజేశ్వరరావు సంగీతం, సహాయం అద్దేపల్లి రామారావు. సినిమాకు దేవులపల్లి కృష్ణశాస్త్రి తొలిసారి రాసిన పాటలు. నాగరాజుగా ఎన్.టి. రామారావు, ఆయనకు ఘంటసాల గొంతు. మల్లీశ్వరిగా భానుమతి, ఆమెకు ఆమె గొంతే. ఇక్కడే నాకు చాలాకాలంగా ఆసక్తి కలిగించే చోటుంది. గిత్తల్ని అదిలిస్తూ బండి మీద బావా మరదళ్ళు పాడుకునే పాట చూడండి. ఒంగోలు గిత్తల సీమవాళ్ళకు ఆ పాట వేరే చెప్పనక్కర్లేదు. ఒకే బండి, ఒకే ఫ్రేము. పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు ఇంకొకరి గొంతుకు పెదవి కదుపుతున్నారు, ఇంకొకరు తన గొంతుకే కదుపుతున్నారు. ప్లేబ్యాక్ పద్ధతి స్థిరపడ్డాక భానుమతి కూడా ముందు స్టూడియోలో పాడి, తర్వాత సెట్లో తన పాటకు తనే నటించాలి కదా. తేడా ఎక్కడ తెలుస్తుందంటే ఊపిరి దగ్గర. చరణంలో ఎక్కడ గాలి పీల్చుకుందో ఆమెకు తెలుసు, పీల్చుకున్నది ఆమే గనుక. అందుకే పల్లవి ఎత్తుకోబోయే ముందు ఆమె మెడ కొంచెం నిటారవుతుంది, భుజం అరంగుళం లేస్తుంది. ఆమెకు అది నటన కాదు, ఒంటికి జ్ఞాపకం ఉన్న పని. రామారావు లాంటివాళ్ళు ఆ జ్ఞాపకాన్ని అరువు తెచ్చుకోవాలి. రికార్డును పదేపదే విని, ఘంటసాల ఎక్కడ ఊపిరి తీసుకున్నారో పట్టుకుని, అక్కడ తామూ తీసుకోవాలి.

భానుమతి లోపమూ అక్కడే ఉందని నా అభిప్రాయం. గాయని కాబట్టి ఒక సంగతి ఎక్కువ వేయకుండా ఉండలేరు. కొన్ని సినిమాల్లో సీను ముందుకు పోదామంటుంది, గొంతు ఉండు ఇంకొకటి అంటుంది. కానీ అంత స్వాతంత్య్రం ఇంకే నటికి దక్కింది? భర్తతో కలిసి, కొడుకు పేరు మీద భరణీ సంస్థ పెట్టి లైలా మజ్ను (1949), విప్రనారాయణ (1954) లాంటివి తీశారు. 1953లో చండీరాణిని తెలుగు, తమిళం, హిందీ మూడింటిలో తనే దర్శకత్వం వహించి విడుదల చేశారు. చక్రపాణి (1954) సినిమాకు సంగీతం తనే కట్టారు. తోడు నీడలో (1965) ఇంగ్లీషు పాట కూడా పాడారు. నటి, గాయని, సంగీత దర్శకురాలు, దర్శకురాలు, స్టూడియో యజమాని, అత్తగారి కథల రచయిత్రి. పెదవికీ గొంతుకీ నడుమ ఇంకో మనిషి అక్కరలేని జీవితం.

మిగతావాళ్ళకు అక్కర ఉంది. ఆ సంగతి మిస్సమ్మతో బాగా తెలిసింది. విజయావారి ఆ సినిమాలో ముందు మేరీ పాత్రకు భానుమతినే పెట్టుకున్నారు. నిర్మాత చక్రపాణితో మాటపట్టింపు వచ్చి ఆమె తప్పుకుంటే, రెండో కథానాయికగా ఉన్న సావిత్రి ముందుకొచ్చింది, ఆమె స్థానంలోకి జమున వచ్చింది. సంగీతం పంతులమ్మ వేషం పాట రాని నటి చేతికి వచ్చిందన్నమాట. 1955లో బొమ్మ వచ్చాక ఎవరికైనా ఆ లోటు తోచిందా? పి. లీల గొంతుకు సావిత్రి పెదవి కదిపితే, పి. సుశీల గొంతుకు జమున కదిపింది. పాఠం చెప్పే పిల్ల గొంతు నిండుగా, ఒద్దికగా ఉండాలి, ఆట నేర్చుకునే పిల్ల గొంతు పలచగా, గలగలమనాలి. సంగీత దర్శకుడు రాజేశ్వరరావు గొంతులు పంచినప్పుడే సగం పాత్రపోషణ అయిపోయింది.

మిగిలిన సగం ఎలా చేసేవారో ఒకసారి దగ్గరగా చూద్దాం. తెలుగు పలుకులో ప, ఫ, బ, భ, మ దగ్గర రెండు పెదవులూ తప్పకుండా కలవాలి. మిగతా అక్షరాల దగ్గర పెదవి కాస్త అటూ ఇటూ అయినా ప్రేక్షకుడు పట్టుకోడు. ఇక్కడ మాత్రం క్షణం తేడా వస్తే చిన్నపిల్లకు కూడా తెలిసిపోతుంది. అందుకే పాటలో ఈ అక్షరాలు మేకుల్లాంటివి, నటి మిగతా వరుసంతా వాటికి తగిలించాలి. రెండోది, మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. చరణం చివర గాయని ఆ అచ్చును సాగదీసి గమకం వేస్తుంది. నటి నోరు తెరిచి ఉంచాలి కానీ దవడ వణకకూడదు, గమకం పెదవిలో కాదు, కంఠంలో పుట్టేది. తెలియనివాళ్ళు గమకం వచ్చినప్పుడల్లా గడ్డం ఊపుతారు. తెలిసినవాళ్ళకు మెడ నరం కదులుతుంది. అది ఊరికే కదలదు. లౌడ్ స్పీకర్‌లో పాట వస్తుంటే నటి కూడా గొంతెత్తి పాడుతుంటేనే కదులుతుంది. పెదవులు మాత్రమే ఆడించినవాళ్ళ ముఖం కింద సగం ఒకరిది, పై సగం ఒకరిది అయినట్టుంటుంది.

సావిత్రి పాట ఏదైనా సరే, శబ్దం ఆపేసి చూడండి. ఎక్కడ పల్లవి తిరిగొచ్చిందో తెలిసిపోతుంది. కళ్ళు ముందు వస్తాయి, మాట తర్వాత వస్తుంది. పాడబోయే భావం అరక్షణం ముందే చూపులో మెరుస్తుంది కాబట్టి, గొంతు ఆ చూపు నుంచి పుట్టిందన్న భ్రమ కలుగుతుంది. దీనికి పరీక్ష లాంటిది మాయాబజార్ (1957). మాయా శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు పెళ్ళి సంబరంతో పాడే పాటలో సుశీల గొంతు నడుస్తూ నడుస్తూ ఉండగా ఘంటసాల మగగొంతు దూసుకొస్తుంది. పడుచు నటి, ఒంటినిండా నగలు, నోట్లోంచి రాక్షసుడి గొంతు. గొంతు మారిన ఆ క్షణంలో సావిత్రి భుజాలు వెడల్పవుతాయి, నడక బరువెక్కుతుంది, నవ్వు ఎస్.వి. రంగారావుది అవుతుంది. మళ్ళీ సుశీల వచ్చేసరికి సిగ్గు. హాల్లో జనం గొల్లున నవ్వుతారు కానీ, గొంతు అతకలేదని ఎవరూ అనరు. ఆడ ముఖానికి మగ గొంతు అతికించగలిగిన నటి ముందు ఇక ఏ గాయని గొంతైనా ఒక లెక్కా? ఇదే సినిమాలో నౌకా విహారం పాటలో జంటలు మారుతుంటాయి, ఘంటసాల, లీల గొంతులు మాత్రం మారవు. ఎవరి పెదవి మీదికి వస్తే వాళ్ళవైపోతాయి.

లీలది పాలక్కాడు ప్రాంతపు చిత్తూరు, మలయాళీ. సావిత్రికి అన్నేళ్ళు గొంతిచ్చిన ఆమెకు, సావిత్రి తొలిసారి దర్శకత్వం వహించిన చిన్నారి పాపలు (1968) సినిమాలో సంగీత దర్శకత్వం దక్కింది. పెదవి గొంతుకు తీర్చుకున్న రుణంలా ఉంది ఇది.

విజయనగరం సుశీల 1950ల మొదట్లో పెండ్యాల నాగేశ్వరరావు దగ్గర మొదలై, తర్వాత సావిత్రి, జమున, కృష్ణకుమారి, వాణిశ్రీ అందరికీ గొంతయ్యారు. 2016లో గిన్నిస్‌వాళ్ళు ఆరుకు పైగా భాషల్లో 17,695 పాటలు లెక్కతేల్చారు. ఆమె గొప్ప అంకెలో లేదు. మాట స్పష్టం, భావం ఒక మోతాదు తక్కువ. ఆ తక్కువ కావాలని ఉంచినదని నాకనిపిస్తుంది. గాయనే అంతా ఏడ్చేస్తే నటికి చేయడానికి ఏం మిగులుతుంది? జమునకు పాడేటప్పుడు మాట చివర చిన్న విసురు వేస్తారు, సావిత్రికి ఆ విసురు ఉండదు. విన్నవాళ్ళు కళ్ళు మూసుకుని కూడా తెరమీద ఎవరున్నారో చెప్పేవాళ్ళంటే ఆశ్చర్యం లేదు.

జానకి కథ మా సీమకు ఇంకా దగ్గర. ఈ ప్రాంతంలో నాదస్వరమంటే సాయిబుల విద్య. చిలకలూరిపేట నాదస్వర విద్వాంసులు ఊదకుండా పెద్దింటి పెళ్ళి జరిగేది కాదు. ఒంగోలు పక్క కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా ఆ విద్యను శ్రీరంగం దాకా తీసుకెళ్ళి, తంజావూరువాళ్ళ చేత తలలూపించారు. పల్లపట్ల జానకి కూడా సంగీతం నేర్చుకున్నది ఒక నాదస్వర విద్వాంసుడి దగ్గరే. 1962లో కొంజుం సలంగై అనే తమిళ సినిమాలో కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరంతో పోటీపడి ఆమె పాడిన ఆభేరి రాగం పాట దేశమంతా తెలిసింది. తెలుగులో అది మురిపించే మువ్వలు. తెరమీద పాడినట్టు నటించింది సావిత్రి. పల్లపట్ల గొంతు, చిర్రావూరు పెదవి, రెండూ ఒక జిల్లావే. గొంతు నాదస్వరం వెనకే పరుగెత్తుతూ స్వరాలు విసురుతుంటుంది. సరిగమపదనిలో పెదవులు కలిసేవి రెండే, మ, ప. ఆ వేగంలో ఆ రెండు స్వరాల దగ్గర తడబడితే నటికి సంగీతం రాదని తెలిసిపోయినట్టే. సావిత్రి తడబడలేదు.

ఇదంతా మద్రాసులో జరుగుతుంటే మార్టూరు చుట్టుపక్కల జనం చెవికి పాట ఎలా చేరేది? కొంతకాలం గ్రామఫోన్, అదీ మోతుబరి ఇంట్లోనే. పక్కకు మూడు నిమిషాలు పట్టే ప్లేటు. సినిమా పాట అంతే నిడివిలో ఉండడానికి అది కూడా ఒక కారణం. తర్వాత టూరింగ్ టాకీసులు. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. కానీ 1952 తర్వాత కొన్నేళ్ళు సినిమా పాటలను ఆకాశవాణి పక్కనబెడితే, జనం రేడియో సిలోన్ తిప్పుకుని వ్యాఖ్యాత మీనాక్షి పొన్నుదురై తెలుగు కోసం ఎదురుచూశారు. ఊరందరికీ పాట పంచినవాడు మాత్రం మైకుసెట్టువాడే. వేపచెట్టుకు బాకా కట్టి పొద్దున భక్తి పాటతో మొదలెట్టి, లవకుశ (1963) ప్లేట్లు అరిగేదాకా వేసేవాడు. రాముడి కొడుకులకు గొంతులిచ్చింది లీలా సుశీలలే. శ్రీరామనవమి పందిట్లో ఆ పాటలకు పోటీ లేదు. చేలో పత్తి తీసే ఆడవాళ్ళు, కల్లంలో మిరపకాయల్లో తాలు ఏరే ఆడవాళ్ళు దూరాన ఊళ్ళోంచి గాలికి వచ్చే పాటకు గొంతు కలిపేవాళ్ళు. తెరమీది ముఖం కళ్ళముందు లేదు, గొంతు కూడా సగమే వినబడుతోంది. మిగతా సగం వాళ్ళే పూరించుకునేవాళ్ళు.

పెదవి విద్య ఊళ్ళలోకి వచ్చిన దారి ఇంకొకటి ఉంది, దాన్ని పెద్దమనుషులు వ్యాసాల్లో రాయరు. అదే రికార్డింగ్ డ్యాన్సు. శివరాత్రికి కోటప్పకొండలో కరెంటు ప్రభల ముందు, ఊరి తిరునాళ్ళలో బల్లలు వేసి కట్టిన స్టేజీ మీద, రికార్డు వేస్తే దానికి పెదవి కదుపుతూ ఆడేవాళ్ళు. అసభ్యమని గోల, పోలీసులు ఆపేయడం, తెల్లవారుజామున మళ్ళీ మొదలు. ఆ గోల సంగతి అలా ఉంచితే, ఆ స్టేజీ మీద ఆడినవాళ్ళు చేసింది సావిత్రీ జమునలు చేసిన పనే, ఇంకా కష్టమైన పద్ధతిలో. రీటేకు లేదు, కెమెరా కోణం లేదు, పాట మొత్తం ఒక్క బిగిన, వేలమంది ఎదురుగా. ప్లేటు గీత పడి ఒకే మాట దగ్గర ఆగి ఆగి తిరుగుతుంటే, ఆ మాటనే కొత్త కొత్త అభినయాలతో ఆడి నెట్టుకొచ్చేవాళ్ళట. స్థానం నరసింహారావు గారు చూస్తే ముచ్చటపడేవారు.

ఇప్పటి సినిమా పాటలో ఒక ముఖం మీద కెమెరా రెండు క్షణాలు నిలవదు. పెదవి కలిసిందా లేదా చూసుకునే వ్యవధి ఎవరికీ లేదు, నటికి భాష రాకపోయినా గడిచిపోతుంది. పాట నేపథ్యంలో మోగుతుంటే మనుషులు బైకుల మీద తిరుగుతుంటారు. అది తప్పని అనను, పద్ధతి మారింది. మారినప్పుడు పోయిందేమిటో తెలియాలంటే ఈ పాత పాటల్ని చెవితో కాకుండా కంటితో మళ్ళీ వినాలి. 1984లో మంగమ్మగారి మనవడులో వాణీ జయరామ్‌తో కలిసి భానుమతి సూర్యుణ్ణి నిద్రలేపే పల్లె పాట పాడారు. యాభై ఎనిమిదేళ్ళ వయసు. గొంతు బరువెక్కింది, గరుకు పెరిగింది. పల్లవి ఎత్తుకునే ముందు మెడ మాత్రం మల్లీశ్వరిలో లాగే నిటారవుతుంది.

రికార్డింగ్ డ్యాన్సుల జోరు తగ్గింది, ఫోన్లు వచ్చాయి. మిరప కోతలకు వచ్చే అమ్మాయిలు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక చేలగట్ల మీద నిలబడి రీల్స్ చేస్తున్నారు. నిన్నటి పాటలతో పాటు సుశీల, జానకి పాటలూ వాటిలో వినబడుతున్నాయి. లైకుల మాట నాకు పట్టదు. పాటలో మ అక్షరం వచ్చినప్పుడు ఆ పిల్ల పెదవులు సరిగ్గా కలిశాయా లేదా అని చూస్తాను. చాలామంది కలుపుతున్నారు. కొందరైతే ఊపిరి కూడా పట్టుకుంటున్నారు.